అద్దె ఇంట్లో ప్రాణం పోకూడదు

మా సిరిసిల్లలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు చాలా ఓపిక గల మనుషులు. కిరాయికున్నవాడు తాగొచ్చి వాకిట్లో పడిపోతే లేపి పడుకోబెడతారు. పిల్లలు గోడలనిండా బొగ్గుతో బొమ్మలు గీసినా, అల్లుడొచ్చి నెలల తరబడి తిష్ఠ వేసినా చూసీచూడనట్టు పోతారు. వాళ్లు అడిగేది ఒక్కటే. ఇంట్లో చావొద్దు. చావాల్సి వస్తే దవాఖానలో చావండి, బస్టాండులో చావండి, మీ ఇష్టం. శవాన్ని మాత్రం గేటు లోపలికి తేవద్దు.

ఇది సిరిసిల్ల ఒక్కదాని గొప్పతనం కాదు. జగిత్యాలలోనూ అంతే, మా అమ్మ బతుకంతా బీడీలు చుట్టిన కోరుట్లలోనూ అంతే. చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇంటిని నెలలపాటు మూసిపెట్టాలంటారు. సొంత మనిషి పోతే మూసుకుంటారు, తప్పదు. కిరాయికున్నవాడు పోతే ఎందుకు మూసుకోవాలి? అందుకని ఏది మంచి నక్షత్రం, ఏది చెడ్డదని చూసే శ్రమ కూడా పెట్టుకోకుండా అన్నిటికీ కలిపి గేటుకు తాళం వేస్తారు. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పటి నుంచి నేను మారిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట విన్నాను. తాళంచెవి చేతిలో పెట్టేటప్పుడే చెప్పేవాళ్లు, బోరు మోటారు స్విచ్చి ఎక్కడుందో చెప్పినంత మామూలుగా.

మా వీధిలో ఒక కార్మికుడు పోయిన రోజున దీన్ని కళ్లారా చూశాను. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. అతనూ మా ఆయనా ఒకే షెడ్డులో సాంచాలు నడిపేవాళ్లు. దవాఖాన నుంచి శవాన్ని తెచ్చేసరికి అతని ఇంటి ఓనరు గేటుకు తాళం వేసి, మేడ మీద నిలబడి చేతులు జోడించాడు. దండం పెట్టి మరీ పొమ్మన్నాడు. వాన పడుతోంది. శవాన్ని రోడ్డు పక్కన మురికినీళ్ల మోరీ అంచున పెట్టి పైన ఒక పాత ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీలో ఎవరో నాయకుడు తన పుట్టినరోజుకు తానే నవ్వుతున్నాడు. భర్త ముఖం మీద చినుకులు పడకుండా గొడుగు పట్టుకుని, తను తడుస్తూ కూర్చుంది ఆ ఇల్లాలు. ఏడుద్దామన్నా ఆమెకు చోటు లేదు. వెనక నుంచి బండ్లు హారన్లు కొడుతున్నాయి.

మా వీధి చివర టెంటు హౌస్ నడిపే ఆయన షామియానా వేయడానికి గుంజలు తెచ్చాడు. ఆయన ముస్లిం. మా పెళ్లిళ్లకూ వాళ్ల నిఖాలకూ, మా చావులకూ వాళ్ల చావులకూ అన్నిటికీ ఆయన కుర్చీలే. సిమెంటు రోడ్డులో గడ్డపార దిగలేదు. కాసేపు ప్రయత్నించి, విసుగొచ్చి గడ్డపారను అవతల పారేశాడు.

"ఏం మనుషులయ్యా మీరు! పెండ్లికైతె నా దగ్గర మఖ్మల్ పరుపులు కిరాయికి తీస్కపోతరు, సచ్చినోన్ని తెచ్చి మోరీకాడ పండవెడ్తరు. లేపుండ్రి. నా గోదాం ఖాళీగనే ఉన్నది, గాడికి పోదాం పాండ్రి."

ఆ గోదాం పెద్దదేం కాదు. రేకుల కప్పు, ఒక మూల పెళ్లి పరుపులు, ఇంకో మూల వంట గిన్నెలు. ఆ కార్మికుడికి అక్కడే నీళ్లు పోశారు, అక్కడే ఏడ్చారు, అక్కడి నుంచే పాడె లేచింది. ఆ తర్వాత గేటు దగ్గర ఆగిపోయిన శవాలన్నీ అక్కడికే రావడం మొదలైంది. అప్పుడు మా నేతవాళ్ల సంఘం పెద్దాయన, మసీదు పెద్దాయన కూర్చుని మాట్లాడుకున్నారు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడి ఎగ్గొట్టినవాళ్లు. ఇప్పుడు ఒకరి బీపీ గోళీ మరిచిపోతే ఇంకొకరిది మింగేంత స్నేహం. ముస్లిం కిరాయిదారులకూ గేటు దగ్గర ఇదే గతి కాబట్టి అవసరం ఇద్దరిదీ. ఓ కమిటీ అయింది. మసీదు వైపు వాళ్లు బోరు వేయించి, నీళ్లు కాచడానికి పొయ్యి కట్టించారు. సంఘం వాళ్లు జగిత్యాల నుంచి ఫ్రీజర్ పెట్టె తెచ్చారు. ఏడ్చేవాళ్లకు కూడా ఒంటికీ రెంటికీ వస్తుందని మగవాళ్లకు తట్టలేదు కాబట్టి, ఆడవాళ్లం కలిసి పక్కన మరుగుదొడ్డి కట్టించాం.

శవాన్ని పడుకోబెట్టే గద్దె దగ్గర మాత్రం గొంతులు లేచాయి. మా వాళ్లకు తల దక్షిణానికి ఉండాలి. వాళ్లకు తల ఉత్తరానికి పెట్టి ముఖాన్ని పడమటికి తిప్పాలి. పొద్దుగూకేదాకా వాదించుకుని, చాయ్‌లు తాగి, మళ్లీ వాదించుకుని, చివరికి గద్దె ఒకటే సరిపోతుందని కనుక్కున్నారు. తల అటు పెడితే మన శవం, ఇటు పెడితే వాళ్ల శవం. అంత పెద్దమనుషులు అంతసేపు అరుచుకుంది ఒక తలకాయ గురించి.

గోదాం తాళంచెవులు టెంటాయన భార్య దగ్గర ఉండేవి. నేను ఆమెను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తాను. నాకన్నా పెద్దదో చిన్నదో ఇప్పటికీ తెలియదు, ఆమె కూడా నన్ను ఆపా అనే పిలుస్తుంది. ఆడమనిషి శవం వస్తే మా వాళ్లయినా వాళ్ల వాళ్లయినా బకెట్లు మోయడానికి మేమిద్దరమే. నీళ్లు పోసే దగ్గర బయటివాళ్లను ఎవరినీ నిలబడనిచ్చేది కాదు ఆపా. నోరు మంచిది కాదు ఆమెది. నాదీ కాదు. అందుకే పొత్తు కుదిరింది.

ఈ గోదాం వల్ల అందరికన్నా ఎక్కువ సంబరపడింది ఇళ్ల ఓనర్లు. అడగకుండానే ఫ్యాన్లిచ్చారు, ఫిల్టరు నీళ్ల డబ్బా ఇచ్చారు, గోడలకు సున్నం వేయించారు. ఫ్యాను రెక్కల మీద పేర్లు రాయించుకున్నారు. ఫ్యాను తిరిగేటప్పుడు ఆ పేర్లు కనబడవు. కరెంటు పోయినప్పుడు శవం చదువుకోవాలి. మా ఇంటామె, అంటే మేం కిరాయికుండే ఇంటి ఓనరమ్మ, నీళ్లు కాచడానికి పెద్ద గంగాళం ఇచ్చి వీధి పొడుగునా చెప్పుకుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరం వస్తే జావ కాచి తెచ్చేది. ప్రాణం ఉన్నంతసేపు ఆమెకు మనుషులంటే ఇష్టమే.

కొన్నాళ్లకు ఓనర్ల మాట మారింది. ఇదివరకు శవాన్ని తేవద్దనేవాళ్లు. ఇప్పుడు శవం అయ్యేదాకా ఎందుకన్నారు. ఇంట్లో ప్రాణం పోయాక తీసుకుపోతే అంటు ఎలాగూ తగులుతుంది కదా, కాస్త ముందే తీసుకుపోతే అందరికీ మర్యాద. ఫ్యాన్లున్నాయి, నీళ్లున్నాయి, అన్నీ మేమే ఇచ్చాం కదా. అలా మొదట ఆఖరి ఊపిరి మీదున్నవాళ్లు వచ్చారు. తర్వాత లాభం లేదని డాక్టరు చెప్పినవాళ్లు వచ్చారు. ఆ తర్వాత అన్నం మానేసినవాళ్లు. పక్షవాతం వచ్చిన ఒక ముసలాయనను కళ్లు తెరుచుకునే ఉండగా తెచ్చి గద్దె మీద పడుకోబెట్టారు. ఆయన మెడ తిప్పలేడు. కళ్లు మాత్రం తిప్పి, పొయ్యి మీద గంగాళాన్ని చూశాడు, పొయ్యి వెలిగిస్తున్న కొడుకును చూశాడు, కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరవలేదు. ఎంత మంచి చావో అని ఓనర్లు మెచ్చుకున్నారు.

నేను కమిటీలో గొడవ పెట్టుకున్నాను. ఊపిరున్నవాళ్లను తీసుకోవద్దు, తాళం వేసుకుందాం, అప్పుడు ఓనర్లే దారికొస్తారు అన్నాను.

"ఏం జేద్దాం చెల్లె," అన్నాడు సంఘం పెద్దాయన. "మోరీకాడ పండవెట్టుడు కంటె నయమే గదా."

"జర సబర్ జెయ్యి బిడ్డా," అన్నాడు మసీదు పెద్దాయన. "గీ కాలంల మన రెండు దిక్కులోల్లం ఒక్క కాడ కూసునుడే కష్టమైతున్నది. దీన్ని ఖరాబు జెయ్యొద్దు."

ఐకమత్యం అన్న మాటను నేను అసహ్యించుకోవడం అప్పుడే మొదలైంది.

మా అమ్మకు నేనొక్కదాన్నే. నాన్న పోయాక కోరుట్లలో కిరాయి గదిలో బీడీలు చుట్టుకుంటూ ఒంటరిగా ఉండేది. చూపు మందగించి బీడీకి కట్టే దారం కనబడకపోయేసరికి నా దగ్గరికి తెచ్చుకున్నాను. కూతురింట్లో తల్లి చావడం మా దగ్గర అదో పెద్ద నామర్దా. బతకడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇంటామెకూ ఆమెకూ బాగా కుదిరింది. ఇద్దరూ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఊళ్లోవాళ్లందరినీ తీసిపారేసేవాళ్లు.

అమ్మ కోరిక ఒక్కటే. సిగ్గులేకుండా రోజూ చెప్పేది.

"బిడ్డా, నన్ను రోడ్డుమీద పండవెట్టకు. గా గోదాముల పండవెట్టకు. నా మంచం మీద నన్ను వట్టుకొని, వాడకట్టంత ఇనేటట్టు ఏడువాలె నువ్వు."

"ముందుగాల సావైతె సావు. ఏడుసుడు నా జిమ్మ," అని నేను వెక్కిరించేదాన్ని. అది విని కులుకుతూ నవ్వేది. మా ఇద్దరి మధ్య ఒప్పందం అయిపోయినట్టే.

కోరుట్లలో బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు ఆమెకు జ్వరం తగిలి, ఆయాసం ఎక్కువై, జగిత్యాలలో ఒక దవాఖానలో చేర్చాల్సి వచ్చింది. ముక్కుకూ చేతులకూ గొట్టాలు పెట్టారు. ఒకరోజు పొద్దున ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇంటికి తీసుకుపొమ్మంటే ఏమిటో మాకు అర్థం చేసుకోవడం వచ్చు. ఏ ఇంటికి అన్నది మాత్రం వాళ్లెవరూ చెప్పరు.

అంబులెన్సు మల్యాల దాటకముందే ఇంటామె ఫోను చేసింది. మా ఆయన ఆమెకు చెప్పేశాడట, నోరు ఆగదు ఆయనకు.

"చెల్లె, అమ్మ సంగతి ఇన్న. మస్తు బాధైంది. ఇటు రాకుండ్రి, సీద గోదాముకే తీస్కపోండ్రి. నేనే ఫోను జేసి తాళం తీపిచ్చిన. గంగాళం గూడ తోమిపిచ్చిన."

"అవ్వ ఇంక బతికే ఉన్నదక్కా."

"తెలుసు చెల్లె. గందుకే చెప్తున్న."

నేను వినలేదు. వేములవాడలో గుడికొచ్చిన బండ్ల మధ్య ఇరుక్కుని, బయటపడి, అంబులెన్సును మా ఇంటి ముందే ఆపించాను. గేటుకు తాళం. లోపల ఇంటామె నిలబడి ఏడుస్తోంది. దొంగ ఏడుపు కాదు, మా అమ్మ అంటే ఆమెకు నిజంగానే ప్రాణం. ఏడుస్తూనే తాళంచెవిని బొడ్డులో దోపుకుంది. గేటు పట్టుకుని ఊపాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆమె ఒక్కటీ కాదనలేదు, ఒక్క అడుగూ కదల్లేదు. ఇంతలో పెద్దాయనలిద్దరూ ఒకే బండి మీద దిగారు. ఒకరు నా తల నిమిరారు, ఒకరు చేతులు పట్టుకున్నారు. అంబులెన్సు డ్రైవరు ఇంకో కేసుకు పోవాలని హారన్ కొట్టాడు. నన్ను ఓడించడానికి ఎవరూ గట్టిగా మాట్లాడాల్సిన పని కూడా పడలేదు.

గోదాంలో ఆపా అమ్మను గద్దె మీద పడుకోబెట్టనివ్వలేదు. "ఊపిరున్న మనిషికి గద్దె ఎందుకు?" అని కసిరి, మూలన ఎర్ర మఖ్మల్ పెళ్లి పరుపు వేసింది. మా వాళ్లు అమ్మ నోట్లో తులసి నీళ్లు పోశారు. మసీదు పెద్దాయన మక్కా నుంచి తెచ్చి దాచుకున్న జమ్‌జమ్ నీళ్లు చెంచాతో పోశాడు. అమ్మ రెండూ మింగింది. బయట కట్టెలు సర్దుతున్నారు. లోపల నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

తెల్లారి లేచి చాయ్ అడిగింది.

మంచినీళ్లు కాదు, చాయ్. అందులో చక్కెర తక్కువైందని మూతి కూడా విరిచింది. ఎవరి నీళ్లు పనిచేశాయని రెండు వైపులా కాసేపు మురిపెంగా వాదించుకున్నారు. దవాఖానలో ఇచ్చిన మత్తు దిగిందని నేననుకున్నాను. నేనంటే ఎవరు వింటారు? సంతోషం పట్టలేక ఆటో పిలిచాను, అమ్మను ఇంటికి తీసుకుపోదామని.

ఇంటామె గేటు తీయలేదు. గేటు సందులోంచే మా అమ్మను చూసి మళ్లీ ఏడ్చింది.

"సావుకని తోలిన మనిషి తిరిగొచ్చి గడప తొక్కుతే, గా సావు ఇంట్ల ఇంకొకల్లను ఎదుక్కుంటది చెల్లె. నాకు మనుమలున్నరు. నన్ను పాపం చెయ్యనియ్యకు."

కమిటీ వాళ్లు పంతులును అడిగారు. అలాంటిదేం లేదు, ఓ చిన్న శాంతి చేసుకుంటే చాలన్నాడు. "పంతులుది సొంతిల్లు," అంది ఇంటామె. మసీదు పెద్దాయన మాలో అసలు ఈ పట్టింపే లేదన్నాడు. "మీది మీకు," అంది. అంతకన్నా గట్టిగా ఎవరూ అనలేకపోయారు. ఫ్యాన్లిచ్చిన చేతులను ఎలా కాదంటారు? సున్నం వేసిన గోడలకు ఆనుకుని కూర్చునే మాట్లాడుతున్నారు వాళ్లు.

అమ్మ గోదాంలోనే ఉండిపోయింది. నేనూ ఆమె పక్కనే పడుకునేదాన్ని. మా ఆయన ఇంటికీ సాంచాకీ మధ్య తిరుగుతూ అన్నం తెచ్చేవాడు. శవాలు రావడం ఆగుతుందా? ఒకసారి ఎవరినో మోసుకొచ్చారు. మూలన పరుపు మీంచి అమ్మ లేచి కూర్చుని, "ఎవలు బిడ్డా పోయిండ్రు?" అని అడిగింది. మోసుకొచ్చినవాళ్లు శవాన్ని వదిలేసి రోడ్డెక్కారు. నేనూ ఆపా ఆ శవం పక్కనే కూలబడి కడుపు పట్టుకుని నవ్వాం. అలా నవ్వకపోతే మేం బతకలేం అక్కడ.

అమ్మకు నవ్వు రాలేదు. రోజూ ఏడుపులు వింటోంది. ఏ గంగాళంలో శవానికి నీళ్లు కాస్తారో అందులోనే ఆమె స్నానానికీ కాచేవాళ్లం, వేరేది లేదు. చూపు ఆనని మనిషి. కర్పూరం, అగరుబత్తి, అత్తరు వాసనలు ఆమెను వదలడం లేదు. ఒకరోజు నీళ్లు పోస్తుంటే నా మణికట్టు పట్టుకుంది.

"నేను సచ్చిపోయిన్నా బిడ్డా? నిజం జెప్పు."

లేదవ్వా, లేదవ్వా అంటూ చెంబు కింద పడేసి ఆమెను వాటేసుకున్నాను. ఆమె నమ్మినట్టు కనబడలేదు. ఆ రోజు నుంచి అన్నం సగానికి తగ్గించింది.

ఇల్లు వెతకడానికి తిరిగాను. ఏ వీధికి పోయినా నాకన్నా ముందే కబురు పోయేది. గోదాం దాకా పోయి వాపసొచ్చిన ముసలామె మీ అమ్మేనా అని ఆశ్చర్యంగా అడిగి, మంచినీళ్లిచ్చి, పంపించేవాళ్లు. చివరికి ఆపా తేల్చిపారేసింది.

"మాది సొంతిల్లు. ముంగటి అర్ర ఖాళీగున్నది. అమ్మను తీస్కరా. ఎవలేమంటరో నేను జూస్త."

అన్నారు. అనవలసిన ఇద్దరూ కలిసే వచ్చి అన్నారు.

"రేపు ముసలామె సాయబులింట్ల పోయిందంటె మావోల్లు ఊకుంటరా?" అన్నాడు సంఘం పెద్దాయన.

"మతం మార్పిచ్చిండ్రని ఫోన్ల తిప్పుతరు," అన్నాడు మసీదు పెద్దాయన. "ఒక్క ముసలామె కొరకు ఇంత ఐకమత్యం ఖరాబు జేసుకుందామా?"

టెంటాయన తల వంచుకున్నాడు. ఆయన కుర్చీలు రెండు వైపులా పోవాలి. ఆపా మాత్రం మొగుడి మొహం మీదే తలుపు వేసింది. అయినా అమ్మ గోదాంలోనే ఉంది. ఒక మతంవాళ్లు కాదంటే ఇంకో మతంవాళ్ల దగ్గరికి పోవచ్చు. ఇద్దరూ కలిసి కాదంటే ఎక్కడికి పోతాం?

ఈ లోపల గోదాం పేరు బయటికి పోయింది. రెండు మతాలవాళ్లు కలిసి పేదవాళ్లకు ఇంత సేవ చేస్తున్నారని పట్నం నుంచి పెద్దమనుషులు చూడటానికి వస్తున్నారట. సభ పెడతారు, సాయం చేసినవాళ్లకు సన్మానాలు. ముందురోజు సంఘం పెద్దాయన వచ్చి అమ్మ పరుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"చెల్లె, రేపొక్క రోజు అమ్మను ఎటన్న తీస్కపో. సచ్చినోల్లకని కట్టిన కాడ బతికున్న మనిషిని జూస్తే మంచిగుండదు గదా."

నేను తిట్టలేదు. అలసిపోయాను. సరేనన్నాను. అమ్మ కొన్నాళ్లుగా కోరుట్లలో తనతో బీడీలు చుట్టినవాళ్లను చూడాలంటోంది. అక్కడికే తీసుకుపోదామనుకున్నాను. ఆపా చున్నీ సవరించుకుని తనూ బయల్దేరింది. ఈ సభలో షర్బత్ పోయడానికి తను పుట్టలేదంది.

ఆ రోజు అమ్మ చాలా బాగుంది. పాత దోస్తులు ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకుని ఒకరి మీద ఒకరు ఫిర్యాదులు చెప్పారు. మక్క గారెలు తింది. ఎప్పుడో పోయిన కార్ఖానా సేటును అందరితో కలిసి తిట్టింది. బస్సెక్కేటప్పుడు నా చెవిలో, "ఇప్పుడు ఇంటికే గదా?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేమనాలి?

జగిత్యాలలో బస్సు మారాం. ముగ్గురు కూర్చునే సీటులో ఆమెను మధ్యలో కూర్చోబెట్టుకున్నాం. మల్యాల దాటాక ఆమె తల నా భుజం మీద వాలింది. కాసేపటికి ఆ తల బరువు మారింది. శవాలకు నీళ్లు పోసిన చేతులు నావి, నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆపా వైపు చూశాను. ఆమె అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కళ్లు మూసుకుంది. పెదవులతోనే ఏదో చదువుకుంది. నేను నోరు తెరిచాను. ఆపా అరచెయ్యి వచ్చి నా నోటిని మూసేసింది.

"ఇప్పుడు గాదు. ఇప్పుడు ఏడిస్తె ఈడనే రోడ్డు మీద దించుతరు."

ఆ మాట నిజం. పంటి కింద చీరకొంగు పెట్టుకున్నాను. ఆపా తన చున్నీ తీసి అమ్మ తల చుట్టూ తిప్పి గడ్డం కింద బిగించింది, చలికి కప్పినట్టు. ఇద్దరం చెరో వైపు నుంచి భుజాలతో ఒత్తి నిలబెట్టాం. వేములవాడలో బస్సు కిటకిటలాడింది. గుండు చేయించిన పిల్లను ఎత్తుకున్న ఒకామె మా సీటు మీదికి వంగి, "ముసలమ్మను జర జరుపుండ్రి, పిల్లను కూసోవెడ్త," అంది. ఆపా గుడ్లురిమి చూసింది. కండక్టరు మాత్రం మంచివాడు. "మంచిగ పన్నది పెద్దమనిషి, లేపకుండ్రి," అని ఆమెను ముందుకు పంపాడు. అమ్మ చెయ్యి నా చేతిలో చల్లబడుతోంది.

సిరిసిల్ల దగ్గర పడుతుంటే ఆపా మొగుడికి ఫోను చేసి, సభ అయిపోయిందా అని మామూలుగా అడిగింది. ఇంకా కాలేదు. అందరూ అక్కడే ఉన్నారు. ఇంటామెకూ ఆమె భర్తకూ ఇప్పుడే వేదిక మీద శాలువాలు కప్పుతున్నారు. ఫోను పెట్టేసి నా వైపు చూసింది. అంటే ఇంట్లో ఓనర్లెవరూ లేరు. వాళ్లు బయటికి పోతే మా కోసం గేటు గడియ మాత్రమే పెట్టి పోతారు.

బస్టాండులో మా ఇంటికే ఆటో మాట్లాడుకున్నాం; ఎక్కించడానికి ఆటోవాడు చెయ్యి వేయబోతే ఆపా వద్దంది. ఇంటి ముందు దిగి అమ్మ చేతులను మా మెడల చుట్టూ వేసుకున్నాం. ఆమె కాలివేళ్లు నేలను రాస్తున్నాయి. ఎదురింటామె గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నడువవ్వా, మెల్లగ, ఇగో గడప," అన్నాను పైకి వినబడేటట్టు.

"అమ్మకు నయమైందా?" అంది ఎదురింటామె.

"నయమైంది. ఇంటికచ్చింది," అన్నాను.

మంచం మీద పడుకోబెట్టాం. ఆపా ఆమె కాళ్లు సరిచేసి, లోపలి నుంచి తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చుంది. గోదాం వైపు నుంచి మైకులో చప్పట్లు వినబడుతున్నాయి. నేను అమ్మను రెండు చేతులా ఎత్తి గుండెకు పట్టుకున్నాను. అప్పుడు ఏడ్చాను. మల్యాల నుంచి ఆపుకున్నదంతా, అంతకుముందు గోదాంలో మింగిందంతా ఒక్కసారిగా వచ్చింది. వాడకట్టు వాడకట్టంతా బయటికొచ్చింది. కాసేపటికి మైకు ఆగిపోయింది.

ఇంటామె భుజాల మీది శాలువా తీయకుండానే పరుగెత్తుకొచ్చి తలుపు బాదింది. ఏమైందే, ఏమైందే అని అరిచింది, గేటు ఎవరు తీశారని అరిచింది. ఆమె వెనక పెద్దాయనల గొంతులు కూడా వినబడ్డాయి. నాకు పని ఉంది. ఆపా కూర్చున్నచోటి నుంచి లేవకుండా తలుపు ఇవతల నుంచి చెప్పింది.

"ఏం గాలేదు. అమ్మ ఇంట్లనే పోయింది."